ఐసు గదిలో అప్పలసూరి ప్రార్థన

కళింగపట్నంలో చేపల వ్యాపారం చేసే అప్పలసూరికి బాప్తిస్మంలో యోహాను అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిచేది పాస్టరుగారొక్కరే. మిగతా ఊరందరికీ అతను అరగంట అప్పలసూరి. ఆదివారం చర్చిలో మైకు చేతికిస్తే అరగంటకు తక్కువ ప్రార్థించేవాడు కాదు. "సర్వోన్నతుడవును, సైన్యములకధిపతివియునగు యెహోవా" అని ఎత్తుకుని, ఆదాము మొదలు ఒక్కొక్కరినీ తలుచుకుంటూ వచ్చేసరికి ముందు వరసలోని ముసలమ్మలు ఒక కునుకు తీసి లేచేవారు. బయటికొచ్చాక సోములు మేస్త్రి భుజం తట్టి, "బాగా సేసినావురా" అనేవాడు. పక్క ఊళ్ల ప్రార్థన కూటాలకూ అప్పలసూరిని పిలిచేవారు. అందుకని ఇంట్లో అద్దం ముందు కొత్త మాటలు సాధన చేసేవాడు.

భార్య దాలమ్మ తీరు వేరు. ఇసక దిబ్బ మీద ఎండుచేపలు తిరగేస్తూ, "నాయినా, ఈ మబ్బుని ఓ గంట అలా పక్కకి లాగు" అని ఆకాశంతో మాట్లాడేది.

"దేవుడితో అలాగేనా మాటాడేది? కూలోడికి పని సెప్పినట్టు" అని అప్పలసూరి కసిరేవాడు.

"తండ్రీ అని నువ్వే కదా అంటావు. నాను మా నాయినతో ఇలాగే మాటాడేదాన్ని" అనేది దాలమ్మ.

2016 వేసవిలో ఒక మధ్యాహ్నం అప్పలసూరి ఐసు కోసం ఫ్యాక్టరీకి వెళ్లాడు. మంచి దిమ్మలు తానే ఏరుకుంటానని ఐసు గదిలోకి దూరాడు. వెనక తలుపు మూసుకుపోయింది. లోపలి నుంచి తీసే గడియ ఎప్పుడో ఊడిపోయింది. బయట పని చేసే గంగులు టీకి వెళ్లాడు. యంత్రాల మోతలో అప్పలసూరి అరుపులు తనకే సరిగా వినబడలేదు.

ఇక ప్రార్థనే దిక్కనుకుని మోకరించాడు. "సర్వోన్న... న్న... న్న..." పళ్లు టకటకా కొట్టుకున్నాయి. సైన్యముల దగ్గర నాలుక మడత పడింది. మూడుసార్లు మొదలుపెట్టాడు. మూడుసార్లూ ఆదాము దాకా కూడా వెళ్లలేకపోయాడు.

చివరికి, "నాయినా, సలేస్తన్నాది" అన్నాడు.

అని, తన మాట తనకే కొత్తగా వినబడి ఆగాడు. తర్వాత నెమ్మదిగా, "బయమేస్తన్నాది. నిజం సెప్పాలంటే ఆ అరగంటా నీకోసం కాదు నాయినా. సోములు మేస్త్రి బాగా సేసినావురా అంటాడని" అన్నాడు. ఊక బస్తా మీద ముడుచుకు కూర్చున్నాడు. చలి తగ్గలేదు గానీ ఒక్కడే ఉన్నట్టు మాత్రం అనిపించలేదు.

ఇరవై నిమిషాలకు గంగులు తలుపు తీశాడు. "ఎవులితో మాటాడతన్నావు బావా?"

"మా నాయినతో."

అప్పలసూరి తండ్రి పోయి పదేళ్లయింది. పాడె మోసినవాళ్లలో గంగులు ఒకడు. వారం రోజులపాటు గంగులు ఆ గదిలోకి ఒంటరిగా అడుగు పెట్టలేదు.

ఆదివారం పాస్టరుగారు మైకు ఇచ్చారు. "నాయినా, వచ్చినాము. సిన్నతల్లి పిన్నికి జొరం తగ్గలేదు, ఓసారి సూడు. ఆమేన్" అని అప్పలసూరి కూర్చున్నాడు. జనం మిగతా ప్రార్థన కోసం కళ్లు మూసుకునే ఉన్నారు. కాసేపటికి సోములు మేస్త్రి ఒక కన్ను తెరిచి, "మైకు పోయినాదేటి?" అని అడిగాడు.

బయటికొచ్చాక అదే మేస్త్రి, "ఈసారి పస లేదురా" అన్నాడు. ఆ మాట అప్పలసూరికి సాయంత్రం దాకా ముల్లులా గుచ్చుకుంది. పక్క ఊళ్ల పిలుపులూ ఒక్కొక్కటే తగ్గాయి.

అయితే దేవుణ్ని చూడమన్నాక తను చూడకపోతే బాగుండదనిపించి, మర్నాడు చిన్నతల్లి ఇంటికి వెళ్లాడు. ఆమె ఒంటరి ముసలమ్మ, మంచం దిగలేకపోతోంది.

"ప్రార్థన సెయ్యనా పిన్నీ?"

"అరగంట ఆగలేనురా. ముందు గంజి కాయి."

అప్పలసూరి పొయ్యి వెలిగించి, గంజి కలుపుతూ లోగొంతుకతో ఏదో చెప్పుకుంటున్నాడు.

"నాతోటేనా?" అంది చిన్నతల్లి.

"కాదు పిన్నీ."

"అలాగైతే కానీ. మాటల్లో పడి ఉప్పెయ్యడం మర్సిపోకు."