ప్రమాదవశాత్తు అన్న మాట

పొదిలి బస్సులో నా పక్కన ఒకమ్మాయి యుద్ధ చట్టాల పుస్తకం చదువుతోంది. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, అట్ట మీద పేరు కూడబలుక్కుని అడిగాను.

“ఏది యుద్ధమో ఎవరు చెబుతారే అమ్మాయ్? ప్రభుత్వమా?”

“కాదు మామ్మగారూ. రెండు దేశాలు కొట్టుకుంటే ఒక రకం. దేశంలోనే ఆయుధాలు పట్టిన దళంతో పోరు సాగితే ఇంకో రకం. ఉత్త అల్లర్లయితే యుద్ధం కిందికి రావు. ఎవరేం పేరు పెట్టినా, జరిగిందే చూడాలండి.”

మండలాఫీసు వాళ్ళు నన్ను సంతకం పెట్టమన్న కాగితం సంచిలోంచి తీశాను. అడవి అంచున మేకలు కాస్తున్న మా తమ్ముడు, పోలీసులకూ దళానికీ మధ్య కాల్పుల్లో పోయాడు. ఎవరి తూటానో నాకిప్పటికీ తెలియదు. కాగితంలో మాత్రం ‘ప్రమాదవశాత్తు’ అని ఉంది. జరిగింది చెప్పి, ఆ మాట చూపించాను.

“మరి ఇది ఏ రకం?”

“యుద్ధమో కాదో నేను తేల్చలేనండి. కానీ కాల్పుల్లో పోయినవాడు కాల్పుల్లోనే పోయాడు,” అంటూ తన పెన్ను నా చేతిలో పెట్టి, వచ్చిన స్టాపులో దిగిపోయింది.

ఆఫీసులో గుమాస్తా వేలిముద్ర డబ్బా నా ముందుకు జరిపాడు. దాన్ని పక్కకు నెట్టాను. ఆ మాట కొట్టేసి, పైన ‘తూటా తగిలి’ అని రాసి, సంతకం పెట్టాను.

“కాగితం పాడుచేశావు గదే మామ్మా!”

“ఇప్పుడే బాగుచేశాను. తీసుకో.”