లేని అలవాటు

భోగాపురం దాటాక సముద్రం వైపు వెళ్ళే రోడ్డు చివర ఒక మత్స్యకారుల పేట ఉంది. ఆ పేటలో, తన ఈడు ఆడవాళ్ళలో, చుట్ట తాగనిది మరిడమ్మ ఒక్కతే.

అక్కడి ఆడవాళ్ళు చుట్టను తిరగేసి తాగుతారు. నిప్పున్న కొస నోట్లో ఉంటుంది. అడ్డపొగ అంటారు దాన్ని. నెత్తి మీద చేపల గంప ఉన్నప్పుడు రెండు చేతులూ గంపకే సరిపోతాయి, బూడిద దులపడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అలా తాగితే సముద్రపు గాలికి నిప్పు ఆరదు కూడా. మరిడమ్మకు పన్నెండో ఏట తల్లి ఒక చుట్ట వెలిగించి ఇచ్చింది. నాలుక కాలింది. వాంతి అయింది. ఆ తర్వాత ముట్టుకోలేదు.

పొద్దున్నే ఆడవాళ్ళందరూ ఒకే ఆటోలో ఎక్కేవారు. కొందరు విజయనగరంలో దిగేవారు. మరిడమ్మ నెల్లిమర్ల దాకా వెళ్ళి, జూట్ మిల్లు కార్మికుల ఇళ్ళ మధ్య తిరిగేది. ఏ ఇంట్లో కవళ్ళ చేపలు తింటారో, ఏ ఇంట్లో ముళ్ళకు భయపడతారో ఇరవై రెండేళ్ళుగా ఆమెకు తెలుసు. ఆటోలో మాత్రం ఆమెను ఏడిపించేవారు.

“దీనికింకా పాలపళ్ళు ఊడనేదర్రా. సుట్టెలా తాగతాదీ?” అనేది లక్ష్మణమ్మ. మరిడమ్మ పెద్దమ్మ కూతురు ఆమె. పదేళ్ళు పెద్దది, అప్ప వరస.

“నువ్వు తాగుతన్నావు కదప్పా. ఆ కంపు నాకూ సరిపోతాది,” అనేది మరిడమ్మ. అందరూ నవ్వేవారు.

రెండువేల పదమూడు వేసవిలో ఆమెకు దగ్గు పట్టుకుంది. క్షయ కాదన్నారు. గంప ఎత్తితే ఆయాసం వచ్చేది. ఎక్స్‌రే చూసిన డాక్టరు విశాఖ వెళ్ళమని చీటీ రాశాడు.

వెళ్ళే ముందురోజు లక్ష్మణమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

“ఇదిగో, ఇను. అక్కడ డాట్రు సుట్ట తాగుతావా అని అడుగుతాడు. తాగుతానని సెప్పు.”

“తాగను కదప్పా.”

“అదే సెప్తన్నాను. నాకు అంగిట్లో తెల్లమచ్చ వొచ్చినప్పుడు ఏటయినాది? పళ్ళ డాట్రులొచ్చి సుట్ట మానమన్నారు. ఆర్నెల్లు మానినాను. మచ్చ పోయినాది. అలవాటుంటే మాన్పిస్తాడు, రోగం పోద్ది. ఏ అలవాటూ నేదంటే నీకాడ మాన్పించడానికి ఏటుంటాదే?”

“అబద్ధం కాదా?”

“ఓలమ్మ, సత్తెవంతురాలు! నిన్నటి సేపని ఐసులోంచి తీసి ఇప్పుడే ఒడ్డుకొచ్చినాదని అమ్మనేదా?”

అది వట్టి మాట కాదు. పేటలో ఏడుగురు ఆడవాళ్ళకు అలా మచ్చలు పోయాయి. మానడం వల్ల రోగం తగ్గడం మరిడమ్మ కళ్ళతో చూసింది. మానడానికి ఏమీ లేనివాళ్ళకు తగ్గడం ఎప్పుడూ చూడలేదు.

ఆసుపత్రిలో సూది గుచ్చి ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీశారు. ఒక కుర్ర డాక్టరు కాగితం ముందు పెట్టుకుని అడిగాడు.

“చుట్ట, బీడీ అలవాటుందా అమ్మా?”

“ఉన్నాది బాబూ. అడ్డపొగ.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“సిన్నప్పట్నించీ.”

“రోజుకెన్ని?”

లక్ష్మణమ్మ తాగే లెక్కనే తనదిగా చెప్పింది మరిడమ్మ. “నాలుగు.”

పక్కన నిలబడ్డ మొగుడు నూకయ్య ఆమె వైపు చూశాడు.

“మానెయ్యాలి మరి,” అన్నాడు డాక్టరు.

“మానేస్తాను బాబూ.”

ఆ మాట అన్నాక ఆమెకు కొంచెం తేలిక అనిపించింది, సగం వైద్యం అప్పుడే అయిపోయినట్టు.

రోగం పేరు నూకయ్యకు విడిగా చెప్పారు. ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది. ఇరవై ఒక్క రోజులకోసారి సెలైన్‌లో మందు ఎక్కించేవారు. జుట్టు రాలింది. నోరు పూసింది. గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళిన కొడుకులిద్దరూ ఫోన్ చేసినప్పుడు, “తగ్గుతన్నాది, మానేసినాను కదా,” అని నవ్వేది. ఫోన్ పెట్టేశాక నూకయ్య అడిగేవాడు.

“ఏటి మానేసినావే?”

“ఊరుకో మావా.”

నాలుగుసార్లు ఎక్కించాక ఫొటో తీస్తే ఊపిరితిత్తిలో గడ్డ పెరిగి కనిపించింది. కుడివైపు నీరు చేరింది. ఆ రోజు పెద్ద డాక్టరు జగన్నాధం ఆమెను చూశాడు. ఆయనది సోంపేట వైపు. నోటి పుండ్లు చూడడానికి టార్చి వేసి, చాలాసేపు అలాగే చూశాడు.

“ఎన్నాళ్ళు తాగేవమ్మా అడ్డపొగ?”

“ముప్పయ్యేళ్ళు బాబూ.”

“మా నాయనమ్మ తాగేది. ముప్పయ్యేళ్ళు నిప్పు తిన్న అంగిలి ఇలా ఉండదు. చిన్నపిల్లకున్నట్టుంది నీకు.”

మరిడమ్మ తల దించుకుంది. తర్వాత చెప్పేసింది.

డాక్టరు కాగితాలు తిరగేసి మూసేశాడు.

“మరి నాకెందుకొచ్చినాది బాబూ?” అని ఆమే అడిగింది. “మాయమ్మ డెబ్బయ్యేళ్ళు వొచ్చేదాకా నిప్పు మింగినాది. ఊపిరికేటీ అవనేదు.”

“ఈ జబ్బు అందరికీ ఒకే దారిన రాదు. పొగ తాగనివాళ్ళకి వచ్చినప్పుడు, చాలామందిలో గడ్డ కణాల్లో ఒక మార్పు కనిపిస్తుంది. జపాన్, చైనా ఆడవాళ్ళలో బాగా ఎక్కువ. మనవాళ్ళలో వాళ్ళంత కాదు గానీ ఉంది. తెల్లవాళ్ళలో తక్కువ.”

“అమ్మానాన్నల్నించి వొస్తాదా? నా కొడుకు గుంటలకి?”

“రాదు. పుట్టుకతో ఉండేది కాదది, బతుకు మధ్యలో పుడుతుంది. కానీ ఎవరి ఒంట్లో ఎక్కువ పుడుతుందనేది మనిషి మూలాన్ని బట్టి మారుతోంది. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలీదు.”

“అదుంటే మందున్నాదా?”

“రోజుకొక మాత్ర. పూర్తిగా నయం చేయదు. ఏడాది, ఒక్కొక్కరికి రెండేళ్ళు, లేచి తిరిగేలా ఉంచుతుంది.”

“నాకున్నాదా బాబూ ఆ మార్పు?”

“చూడలేదమ్మా. మాకిచ్చినవి కొన్ని పరీక్షలే. పొగ తాగనివాళ్ళకి ముందు చేశాం. నీ కాగితం మీద చుట్ట అని ఉంది.”

నూకయ్య గోడకు ఆనుకున్నాడు.

తొలిసారి తీసిన ముక్క అప్పటి పరీక్షలకే అయిపోయింది. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిని తీసి, దానిలో వెతకమని పంపారు. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మరిడమ్మ గోడకు వీపు ఆనించి కూర్చునే నిద్రపోయింది. పడుకుంటే ఊపిరి అందేది కాదు. జవాబు వచ్చింది. ఉందనీ కాదు, లేదనీ కాదు. నీటిలో కణాలు చాలలేదు. మళ్ళీ సూది గుచ్చాలంటే ఆమె కదలకుండా పడుకోవాలి. ఆ ఊపిరితో ఆమె సూదిని తట్టుకోలేదన్నారు. పరీక్ష కాగితం లేకుండా ఆ మాత్ర ఇవ్వరు. ఆ మార్పు లేనివాళ్ళకు అది మేలు చేయదు.

“ఇంటికి తీసుకెళ్ళు నూకయ్యా,” అన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చిన సాయంత్రం లక్ష్మణమ్మ గంప దించి నేరుగా వచ్చింది.

“సుట్ట సంగతి తెల్సిపోయినాదంటగా? నూకయ్య నిన్న ఫోన్లో సెప్పినాడు. ఏటన్నాడే డాట్రు? తిట్టినాడా?”

నూకయ్య నోరు తెరిచాడు. మరిడమ్మ చెయ్యి ఎత్తి ఆపింది.

“నవ్వినాడప్పా. దానికీ దీనికీ ఏటీ సమ్మందం నేదన్నాడు.”

లక్ష్మణమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. “అదే అనుకున్నాను. నా వల్ల ఏటయినా అయినాదేమో అని రాత్తిరి కూడు సగించనేదు.” ఆ తర్వాత రోజూ వచ్చింది. జావ కాచి తెచ్చింది. వీపు రాసింది. మొగుడు లేక, పిల్లలు లేక ఆమెకు ఉన్నది ఈ చెల్లెలు ఒక్కతే.

పదకొండో రోజున పక్కింటి నారాయణమ్మ వచ్చింది. ముప్పయ్యేళ్ళు ఉండవు. ఈ కాలపు పిల్ల, చుట్ట ముట్టదు. రెండు నెలలుగా దగ్గు. ఎక్స్‌రేలో ఏదో కనిపించిందట. తెల్లారి విశాఖ వెళ్ళాలి. ఆసుపత్రిలో ఎలా ఉంటుందో అడగడానికి వచ్చింది.

గుమ్మంలో కూర్చున్న లక్ష్మణమ్మ నోట్లో చుట్ట తీయకుండానే మొదలుపెట్టింది. “బయపడకే గుంటా. ఆడు అలవాటున్నాదా అని అడిగితే...”

నూకయ్య పెళ్ళాం వైపు చూశాడు.

మరిడమ్మ కళ్ళు మూసుకుని ఉంది. అప్ప ఆ రోజు తనకు చెప్పిన మాటలే మళ్ళీ చెప్పింది. నారాయణమ్మ తలూపుతోంది.

“అలా సెప్పకే గుంటా,” అంది మరిడమ్మ. ఊపిరి కోసం ఆగింది. “తాగనని సెప్పు. నిజమే సెప్పుకో. నేను తాగుతానన్నాననే... ఆ పరీచ్చ సెయ్యనేదు. సేసుంటే మాత్ర ఇచ్చుందురేమో.”

లక్ష్మణమ్మ చుట్ట బయటికి తీసింది.

“నవ్వినాడన్నావు కదే.”

“నవ్వనేదప్పా.”

“మరి రోజూ నా సేత వీపు రాయించుకుంటన్నావే... ఒక్కనాడూ సెప్పనేదే?”

దానికి మరిడమ్మ దగ్గర జవాబు ఉంది. ఊపిరి లేదు. చెయ్యి చాచింది. లక్ష్మణమ్మ ఆ చేతిని చూసింది. లేచి, చీర కొంగు దులుపుకుని, వీధిలోకి నడిచింది.

నారాయణమ్మ తెల్లవారి మొదటి ఆటోలో వెళ్ళింది. అక్కడ ఏం చెప్పిందో పేటలో ఎవరూ అడగలేదు.

మరిడమ్మ ఇంకా పద్నాలుగు రోజులు ఉంది. ప్రతి సాయంత్రం ఆటో వచ్చే వేళకు గుమ్మం వైపు చూసేది. నూకయ్య రెండుసార్లు వెళ్ళి పిలిచాడు. మొదటిసారి లక్ష్మణమ్మ తలుపు తీయలేదు. రెండోసారి గంప నెత్తికెత్తుకుని, అతన్ని దాటుకుని, రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.