కంప్యూటర్‌ని నమ్మని బావగారు

మా బావగారు దేన్నీ ఒక పట్టాన నమ్మరు. పాలు విరగలేదని అక్క చెప్పినా గిన్నెలోకి తొంగి చూస్తారు. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి, టైమెంతని అడిగితే రెండు గడియారాలు చూసిగానీ చెప్పరు.

నేను రిటైరైన టీచర్ని, ఉండేది వాళ్ల ఎదురు వాటాలోనే. రోజూ పొద్దున లైబ్రరీకి పరిగెడతాను. సగం దారిలో అనుమానం పట్టుకుంటుంది. వెంటనే ఫోన్ చేస్తాను.

"బావగారూ, నేను తాళం వేశానా?"

"వేశావు."

టక్కున పెట్టేస్తారు. నన్ను వదిలించుకోడానికే అలా అంటారనుకునేదాన్ని.

మొన్న సోమవారం ఆయన ఫోన్ కిందపడింది. తెర మూల నల్లమచ్చ పుట్టి, సిరా ఒలికినట్టు పూటపూటకీ పాకుతోంది. మచ్చ పడ్డచోట వేలు పెడితే పలకదు.

"తెరంతా నల్లబడేలోగా ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఒక్కటి కూడా పోవడానికి వీల్లేదు," అన్నారు బావగారు, కంటికి భూతద్దం బిగించి.

"రిపేరు షాపులో ఇవ్వకూడదూ?" అంది అక్క.

"నేనే రిపేరువాణ్ణి. ఇంకో రిపేరువాణ్ణి ఎలా నమ్ముతాను?"

ఇక యుద్ధమే. వైరు మార్చారు. గడియారాల దుమ్ము దులిపే రబ్బరు బుడ్డితో ఫోన్ రంధ్రంలోకి గాలి కొట్టారు. కంప్యూటర్ని ఆపి లేపారు, మళ్లీ ఆపి లేపారు. అది మాత్రం ఫోన్ కనబడలేదనే అంటోంది.

"ఎదురుగా పెడితే కనబడదేం నీకు?" అని దాన్ని కసిరారు కూడా.

బుధవారానికి మచ్చ సగం తెర మింగేసింది. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వైరు గుచ్చగానే ఫోన్ ఏదో అడిగింది. బావగారు ఠపీమని నొక్కేశారు.

"ఆగండాగండి! ఏం నొక్కారు?"

"ఈ కంప్యూటర్ని నమ్ముతారా అని అడిగింది. నమ్మనన్నాను."

"మూడ్రోజుల్నించీ ఇదే నొక్కుతున్నారా?"

"అడగ్గానే నమ్మేస్తామా?"

"పదకొండేళ్లుగా మీ ఇంట్లోనే ఉందండీ అది!"

"నేను అంతకు మూడింతలు ఉన్నానే. నా పాలగిన్నెనే నమ్మరు," అంది అక్క వంటింట్లోంచి.

మళ్లీ వైరు గుచ్చాం. 'నమ్ముతాను' అన్నచోట మచ్చ రాని అంచు గోరంతే మిగిలింది. బావగారు ఊపిరి బిగబట్టి, చిటికెనవేలి కొసతో దాన్ని మీటారు. కంప్యూటర్ ఉలిక్కిపడి ఫొటోలు లాక్కోవడం మొదలుపెట్టింది. ఆఖరిది చేరిన కాసేపటికే ఫోన్ పూర్తిగా నల్లబడింది.

కంప్యూటర్లో చూద్దును కదా, వరసగా నా తలుపే! రోజుకో ఫొటో. కొన్ని రోజులకి మాత్రం రెండు. మొదటిదాంట్లో తాళం నోరు తెరుచుకుని గడియకి వేలాడుతోంది. రెండోదాంట్లో బుద్ధిగా పడి ఉంది. నాది నొక్కితే పడిపోయే తాళం.

"ఏంటండీ ఇవి?"

"నువ్వు ఫోన్ చేసి అడుగుతావుగా. చూడకుండా ఎలా చెప్తాను?"

"మరి నేను వెయ్యని రోజు కూడా 'వేశావు' అన్నారేం?"

"నిజం చెప్తే లైబ్రరీ మానేసి వెనక్కి పరిగెత్తుకొస్తావు."

"అయితే ఫొటోలు దాచడం దేనికీ?"

"ఎప్పుడైనా నువ్వు నమ్మకపోతే చూపిద్దామని."

నేను మళ్లీ మొదటి ఫొటో నుంచి ఒక్కొక్కటే చూడసాగాను.

"ఏమండీ, మా చెల్లి మాట్లాడకుండా కూర్చుంది! తొందరగా ఫొటో తియ్యండి," అంది అక్క. తీద్దామంటే ఫోనేదీ?

అంతలో నాకు గుర్తొచ్చింది. "బావగారూ, ఇంతకీ ఇందాక ఇక్కడికి వచ్చేటప్పుడు నేను తాళం..."

ఆయన అప్పటికే చెప్పులేసుకుంటున్నారు.