దిగనన్న సేనాపతి

మా గల్లీలో వినాయకుడి పందిరి ముందు ప్రతి ఏడూ ఒక నాటకం ఆడతాం. యాకుత్‌పురా స్టేషన్‌కు పోయే దారిలో కాస్త వెడల్పుగా ఉన్నచోట చెక్కబల్లలు పరిచి స్టేజీ కడతారు. నాటకం రాసేది నేను. సిటీ బస్సులో కండక్టర్‌గా పనిచేస్తాను. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య డిపోలో కూర్చుని రాసుకుంటాను. పొద్దస్తమానం "లోపలికి జరగండి" అని అరిచే మనిషికి, రాజుల చేత మాట్లాడించడం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

ఆ ఏడు రాసింది ఒక సేనాపతి కథ. పేరులేని రాజ్యంలో రాజు చనిపోతాడు. సింహాసనం కోసం ఇద్దరు కొడుకులు కొట్లాటకు దిగుతారు. రాజ్యం రెండుగా చీలిపోతుంది. సేనాపతి చిన్న యువరాజు పక్షాన నిలబడి, పెద్దవాణ్ణి చంపి యుద్ధం గెలుస్తాడు. చివరి సీనులో కిరీటం తెచ్చి చిన్నవాడి తలమీద పెట్టి, తన కత్తి అతని కాళ్ల దగ్గర ఉంచుతాడు. ఆ సీను రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. అంత సైన్యం చేతిలో ఉండి కూడా పక్కకు తప్పుకునే మనిషికన్నా గొప్పవాడు ఎవరుంటారని అనుకున్నాను.

సేనాపతి వేషం లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే సేఠ్‌కు ఇచ్చాను. తాతల కాలం నుంచీ వాళ్లది అదే వ్యాపారం. నిలువెత్తు మనిషి, మెలితిరిగిన మీసం. గొంతు మాత్రం పిల్లిగొంతు. ఆడవాళ్ల చేతులకు నొప్పి తెలియకుండా గాజులు తొడిగీ తొడిగీ ఆయన మాట కూడా మెత్తబడిపోయిందని నవ్వుకునేవాళ్లం. చిన్న యువరాజు మా మరిది. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో సేల్స్‌మన్. యుద్ధం జరిగినంతసేపూ యువరాజు కోటలో దాక్కుని ఉంటాడు కాబట్టి అతనికి ఉన్నది ఆఖరి సీను ఒక్కటే. దుకాణం నుంచి నేరుగా వచ్చేస్తానన్నాడు. సింహాసనం సంగతి పెళ్లిసామాను కిరాయికిచ్చే భాయ్ చూసుకున్నాడు. పెళ్లికొడుకు కూర్చునే ఎర్ర మఖ్మల్ కుర్చీ ఊరికే పంపాడు. మా మీద నమ్మకం లేక, దానికి కాపలాగా తానే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

సాయంత్రం నాటకం మొదలైంది. అట్టకత్తుల యుద్ధానికి ఈలలు మోగాయి. పెద్ద యువరాజు నేలకూలి స్టేజీ మధ్యలో శవమై పడుకున్నాడు. సేనాపతి పళ్లెంలో కిరీటం పట్టుకుని సింహాసనం పక్కన నిలబడ్డాడు. మా మరిది జాడ లేదు. తెర వెనక నుంచి ఫోన్ చేశాను.

"వదినా, పత్తర్‌గట్టి కాడ్నే ఉన్న. బండి ఇంచు కూడ కదుల్తలేదు" అన్నాడు.

స్టేజీ మీద సేఠ్ "యువరాజా, విచ్చేయండి" అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి గొంతు వణికింది. జనం గొల్లుమన్నారు. ఏదో ఒకటి మాట్లాడి కాసేపు నెట్టుకురమ్మని నేను తెరచాటు నుంచి చేతులు ఊపాను. ఆయన ఏమని అర్థం చేసుకున్నాడో ఏమో, కిరీటం వంక చూశాడు, ఖాళీ కుర్చీ వంక చూశాడు.

"యువరాజు రాలే. గట్లని రాజ్యం ఆగుతదా?" అని కిరీటం తానే పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"సేఠ్, ఆహిస్తా! దాని కాలు కమ్‌జోర్ ఉంది!" అని ముందు వరసలోంచి భాయ్ కుర్చీ విరుగుతుందేమోనని కేక పెట్టాడు.

నవ్వులు సద్దుమణిగేలోపే పూలమ్మే అవ్వ లేచి నిలబడింది. "రాజా, మా ఇంటి ముందట మోరి పొంగుతున్నది. ఎవ్వలు పట్టించుకుంటలేరు" అంది. ఆ మురుగుకాలువ సంగతి నిజంగానే అడిగింది.

సేఠ్ మీసం తిప్పాడు. "మంత్రీ, రాసుకో."

మా నాటకంలో మంత్రే లేడు. అందుకని పెద్ద యువరాజు శవం తల పైకెత్తి, "రాసుకున్న ప్రభూ" అని మళ్లీ చచ్చిపోయింది. గల్లీ అదిరిపోయింది. ఇక ఒకరి తర్వాత ఒకరు లేచారు. నల్లా నీళ్లన్నారు, వీధిదీపమన్నారు. ఒకాయన తన అల్లుడి మీద ఫిర్యాదు చేశాడు. సేఠ్ ప్రతిదానికీ తీర్పు చెబుతూ పోయాడు. గొంతు ఒక్కో తీర్పుకూ పెరిగింది. ఆ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచాడో నాకు అంతుబట్టలేదు.

అంతలో జనం వెనక నుంచి మా మరిది తోసుకుంటూ వచ్చాడు. వేషం లేదు, మెడలో కొలతల టేపు వేలాడుతోంది. రొప్పుతూ స్టేజీ ఎక్కి, "సేనాపతీ! అది నా సింహాసనం. దిగు!" అన్నాడు.

సేఠ్ కదల్లేదు. "యుద్ధమప్పుడు యాడున్నవ్?"

"ట్రాఫిక్‌ల ఉన్న!"

జనం నవ్వి నవ్వి ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. "దిగకు సేఠ్!" అని సగం మంది, "పిలగానికియ్యి!" అని సగం మంది అరిచారు. సేఠ్ ఇద్దరు సైనికులను పిలిచి యువరాజును బయటికి పంపమన్నాడు. వాళ్లు మా మరిదిని నిజంగానే ఎత్తుకుపోయారు. నేను తెర లాగేశాను.

సేఠ్ లోపలికి రాగానే, "ఏందన్నా గిది? నేను రాసిందేంది, మీరు చేసిందేంది?" అని విరుచుకుపడ్డాను.

ఆయన కిరీటం తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. మళ్లీ పాత మెత్తని గొంతు వచ్చేసింది. "తప్పయింది చెల్లె. ముందుగాల నీ నాటకం పాడుగావొద్దనే కూసున్న. ఒక్కసారి కూసున్నంక దిగబుద్ధి కాలే. పిలగాడు వచ్చిండని తెల్సినా దిగబుద్ధి కాలే."

అంత నిజం చెప్పిన మనిషిని ఏమనగలను? అయినా మూతి ముడుచుకునే ఇంటికి పోయాను.

మర్నాడు డ్యూటీలో మా గల్లీవాళ్లు కొందరు బస్సెక్కారు. టికెట్ తీసుకుంటూనే మొదలుపెట్టారు. సేనాపతి చేసింది న్యాయమేనని ఒకరు. "గెలిచినోడల్లా గిట్లనే కూసుంటే ఇగ రాజ్యమేంది?" అని ఇంకొకరు. నాటకం చూడనివాళ్లు కూడా కథంతా చెప్పించుకుని వాదనలో దూరారు. ఒకావిడ అదే లొల్లిలో తన స్టాపు దాటిపోయింది. ఇన్నేళ్లుగా నాటకాలు రాస్తున్నాను, మర్నాటిదాకా ఎవరి నోట్లోనూ అవి నానలేదు. నా ముగింపు చూసి ఉంటే అందరూ మంచిగుందని చెప్పి, ప్రసాదం తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. డ్రైవరన్న వెనక్కి తిరిగి, "మరి ఆ సేనాపతి తర్వాత ఏం చేసిండమ్మా?" అని అడిగాడు. రూటంతా అదే ఆలోచన.

తర్వాతి ఏడు ఆ జవాబే రాశాను. దిగకుండా కూర్చున్న సేనాపతి కథ. సేఠ్ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. రిహార్సల్స్ మొదలయ్యాక ముఖం వేలాడేశాడు. నేను రాసిన కొత్త రాజుకు ఒక్క క్షణం తీరిక లేదు. జనం కోరికలకు అంతు లేదు. వెంట నడిచిన సైనికులే తమ వాటా అడుగుతున్నారు. విషం ఉందేమోనని అన్నం ముందుగా ఎవరో ఒకరు రుచి చూడందే ముద్ద దిగదు.

"చెల్లె, ఈ రాజుగిరీ నాతోటి కాదు. దిగిపోయే సీనొకటి రాయరాదూ?" అని బతిమాలాడు.

"మీరే కదన్నా దిగబుద్ధి కాలేదన్నది" అన్నాను. రాయలేదు.

ప్రదర్శన రోజు అందరూ నవ్వడానికే వచ్చారు. మొదట్లో బాగా నవ్వారు కూడా. చివర్లో యుద్ధంలో తనతోపాటు పోరాడిన స్నేహితుణ్ణి అనుమానంతో బంధించమని రాజు ఆజ్ఞ ఇవ్వాలి. గట్టిగా గర్జించమని నేను నేర్పాను. సేఠ్ గర్జించలేదు. గాజులు తొడిగేటప్పటి ఆ మెత్తని గొంతుతో, స్నేహితుడి వైపు చూడకుండా, "తీస్కపోండి" అన్నాడు. తెర పడ్డాక కాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత కొట్టారు చూడండి, పందిరి గుంజలు ఊగాయి.

అందరం స్టేజీ మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. కిరాయి భాయ్ కుర్చీ కాళ్లు నాలుగూ తడిమి చూసుకుని, తృప్తిపడి, తానూ ఒక ఆకు అందుకున్నాడు. సేఠ్ భార్య వచ్చి భర్త పక్కన కూలబడింది.

"ఇంట్ల ఒక్కనాడన్న గట్ల మాట్లాడితివా? భయమైంది నాకు" అంది.

"నాక్కూడ అయింది" అన్నాడు సేఠ్. అని, ఇంకొంచెం పులిహోర పెట్టమన్నాడు.