కెప్టెన్ లేనప్పుడు

నాకు పాత అంతరిక్ష సీరియళ్ల పిచ్చి ఉంది. వాటిలో ఒకటి నేను పుట్టకముందే తీసింది, ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతోంది. ఓడ గోడలు అట్టతో చేసినవని ఇట్టే తెలిసిపోతుంది. నేను చూసేది అందులో కెప్టెన్ తర్వాతి స్థానంలో ఉండే ఆవిడ కోసం. కెప్టెన్ ప్రతిసారీ ఏదో ఒక గ్రహం మీద దిగి చిక్కుల్లో పడతాడు. ఆవిడ గొంతు పెంచకుండా ఆయన కుర్చీలో కూర్చుని ఓడను కాపాడుతుంది. ఆయన తిరిగి రాగానే, ఎవరూ చెప్పకముందే లేచి పక్కకు తప్పుకుంటుంది.

ఆ లేవడం చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. వేమగల్ ఫ్యాక్టరీలో నాదీ రెండో స్థానమే. షిఫ్ట్ ఇన్‌చార్జి సెలవు పెడితే లైనంతా నేనే నడుపుతాను. ఆయన గుమ్మంలో కనబడితే చాలు, నా కాళ్లు వాటంతట అవే లేస్తాయి.

కిందటి వేసవిలో పట్టుపురుగుల పనికి సాయంగా ఉందామని సెలవు పెట్టి, రాయల్పాడు దగ్గరి మా ఊరికి వెళ్లాను. మధ్యాహ్నం పురుగులకు ఆకు వేసి నడుం వాల్చే వేళ అమ్మకు ఆ సీరియల్ చూపించాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, నేను చెబుతుంటే వింది.

"కెప్టెన్ యాడికి పోయినాడు?"

"కింద ఇంకో లోకముండాది. ఆడికి."

"ప్రతిసారీ ఆయప్పే పోవల్నా?"

"ఆయన పెద్ద కదమ్మా."

"పెద్దని కాదు. ఓడ ఈయమ్మ చూసుకుంటాదని ధైర్యం. అందుకే పోతా ఉండాడు."

నేను పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు.

మా ఇంట్లో పురుగుల పని మొత్తం అమ్మదే. ఆకు నమిలే చప్పుడును బట్టే వాటి ఆరోగ్యం చెప్పేస్తుంది. అయితే పండిన పురుగులను గూడు కట్టడానికి చంద్రిక మీదికి, అంటే వెదురు బద్దలు చుట్టలుగా బిగించిన పెద్ద చాప మీదికి, ఎక్కించే రోజున మొదటి పురుగు మాత్రం నాన్న చేత్తోనే పడాలి. అది తాతల నాటి పద్ధతి. నాన్న స్నానం చేసి వచ్చి ఒక్క పురుగును పెట్టి, దండం పెట్టుకుని బయటికి వెళ్లిపోతాడు. మిగతా వేలకు వేలు అమ్మ ఎక్కిస్తుంది.

ఆ వారం మా మేనత్తకు బాగాలేదని కబురొస్తే నాన్న బేతమంగళ వెళ్లాడు.

"రేపు పొద్దునకంతా వచ్చేస్తా. పండేదానికి ఇంగా రెండు దినాలుండాది," అన్నాడు పోతూ పోతూ. అమ్మ తలెత్తి ఎండ వైపు చూసింది.

ఆ ఎండలకు మర్నాడు పొద్దున్నే పురుగులు పండిపోయి ఆకు ముట్టడం మానేశాయి. ఒళ్లు పలచబడి, తలలు పైకెత్తి, తట్టల అంచులకు పాకుతున్నాయి. ఫోన్ చేస్తే నాన్న, "అక్కకు జాస్తి అయింది, ఈ పొద్దు రాలేను. నేనొచ్చేదాంక ఆగు," అన్నాడు.

ఆగితే దారమంతా తట్టల పాలవుతుంది, నెల్లాళ్ల కష్టం మట్టిలో కలుస్తుంది. అది అమ్మకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుంది.

"నువ్వు ఎక్కించకపోతే నేనే ఎక్కిస్తా," అన్నాను, కాస్త గట్టిగానే.

అమ్మ లేచి చేతులు కడుక్కుంది. "ఆ చంద్రిక ఇట్ల పరుచు," అంది. సాయంత్రానికి పని దాదాపు అయిపోయింది. ఆమెను చూస్తే నాకు చెప్పలేనంత గర్వంగా అనిపించింది.

చివర్లో ఒక చిన్న తట్టలో గుప్పెడు పురుగులను విడిగా ఉంచింది. ఎందుకని అడిగితే, "ఆయన చేతికి," అంది. మొదటి పురుగు ఎలాగూ ఆయన చేత్తో పడలేదు, రేపు వస్తే ఎక్కించడానికి కొన్నైనా మిగలాలట. ఓడను గట్టెక్కించిన మనిషి ఇప్పుడు కుర్చీ దులిపి పెడుతోందని నాకు కోపం వచ్చింది. వాదించే ఓపిక లేక వెళ్లి పడుకున్నాను.

నాన్న రావడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. చంద్రికల నిండా ఉన్న గూళ్లను వేలితో తడిమి చూశాడు. తర్వాత చిన్న తట్ట కంటబడింది. ఎక్కడానికి ఆధారం లేక పురుగులు దారమంతా తట్ట అడుగున పరిచేసి, గూడు లేకుండా బోసిగా ముడుచుకుపోయి ఉన్నాయి. నాన్న వేలితో లాగితే ఆ పొర నాసిరకం కాగితంలా చిరిగింది.

"వీట్ని యాల ఎక్కించలేదు?"

"మీ చెయ్యి కోసరం పెట్టినాను."

కసురుకుంటాడనుకున్నాను. కానీ ఆయన ముఖంలో కనిపించింది సిగ్గు. తట్టను తానే పెరట్లోకి తీసుకెళ్లి కడిగాడు.

తర్వాతి పంటకు పనిగట్టుకుని మళ్లీ సెలవు పెట్టాను. పురుగులు పండిన రోజు నాన్న ఇంట్లోనే ఉన్నాడు. స్నానం చేసి వచ్చి, చంద్రిక నేల మీద పరిచి, దాని అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు పెట్టు," అన్నాడు అమ్మతో.

అమ్మ ఒక పురుగును తీసి ఆయన వైపు చాపింది. "మీరే పెట్టండి."

నాన్న చేతులు చంద్రికను వదల్లేదు. పురుగు అమ్మ వేళ్ల మధ్య తల ఆడిస్తోంది. ఎన్ని లక్షల పురుగులను ఎత్తిన చెయ్యో అది, ఆ ఒక్కదాన్ని పెట్టలేక గాలిలోనే ఆగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి పెట్టింది.

నాన్న దండం పెట్టుకుని, అలవాటు ప్రకారం లేచి గుమ్మం వైపు తిరిగాడు.

"బయటికి పోతే ఎట్ల? ఇంగా నలభై తట్టలుండాయి," అంది అమ్మ తలెత్తకుండానే. "ఆ మూల నుంచి ఒక్కొక్కటే ఎత్తుకొని రండి."