మగవాళ్ల వైపు బెంచీ

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత నా గొంతులో పైస్వరం పోయింది. ఫోనెత్తి పలకరిస్తే "అన్నా, అక్క లేదా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నేను పనిచేసే అంగన్‌వాడీలో పిల్లలు మాత్రం త్వరగానే అలవాటు పడ్డారు, ఒక్క గద్దింపుకే వరసగా కూర్చునేవారు. అందుకు నాకేం బాధ లేదు. బాధంతా చర్చి పాట గురించే. మా క్వయర్‌లో సోప్రానో, అంటే ఆడవాళ్ల పైగొంతు వరసలో, ముందు నిలబడేది నేను. ఈ ముదిగుబ్బ చుట్టుపక్కల నాకంటే బాగా పాడేవాళ్లు లేరు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే.

ఆ ఏడు గుడ్‌ఫ్రైడేకి నా ఆపరేషన్‌కు ముందే మా క్వయర్ మాస్టారు ఒక జర్మన్ పాట ఎత్తుకున్నారు. రైల్వే గార్డుగా రిటైరై మా ఊళ్లో స్థిరపడిన మనిషి ఆయన. వయసులో ఉన్నప్పుడు ఏదో పెద్ద చర్చిలో నేర్చుకున్నారట. మాటలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చారు. ప్రభువును సమాధిలో పెట్టి తిరిగొచ్చినవాళ్లు పాడుకునే పాట అది. శ్రుతి డి మైనర్, అంటే దిగులు పలికేది, నడక నెమ్మది. మేం దుఃఖమంతా కలిపి ఇంకా ఈడ్చాం.

"నెమ్మదంటే ఈడ్చడం కాదప్పా," అని మాస్టారు చేయి ఆపేశారు. "గూడ్సు బండిని చూడండి. మెల్లగా పోతాంటాది, కానీ ఆగదు."

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ పాట చివర. "పాటంతా ఏడుపే. కడాకు ఒక్క స్వరం అర మెట్టు పైకి లేస్తాది. అంతే, మైనర్ పోయి మేజర్ అవుతాది. తెల్లారినట్లుంటాది. ఆ స్వరం టెనార్లది," అనేవారు. టెనార్ అంటే మగవాళ్లలో పైగొంతు. మాకున్న టెనార్లు ఇద్దరే, గొర్రెలు మేపుకునే అన్నదమ్ములు. పాపం, ఆ అర మెట్టు వాళ్లకు ఎప్పుడూ అందేది కాదు. పాట ఏడుపుతో మొదలై ఏడుపుతోనే ఆగిపోయేది. నాకేం పట్టింది? నా పైస్వరాలు నాకున్నాయి కదా అనుకునేదాన్ని.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి ప్రాక్టీసుకు వెళ్లినప్పుడు ఆ పైస్వరం దగ్గర గొంతులోంచి గాలే వచ్చింది. పక్కనున్న ఆడవాళ్లు తల దించుకున్నారు. మాస్టారు కీబోర్డు మీద బటన్ నొక్కి శ్రుతి దించారు. నేను కష్టంగా ఎక్కాను గానీ, ఈసారి బాస్ పాడే మగవాళ్లకు అట్టడుగున మాట పెగల్లేదు. ఆల్టో, అంటే ఆడవాళ్ల కిందిగొంతు వరసలో నిలబడి చూశాను, అక్కడా సగంలో గొంతు జారింది.

"ఈ తూరికి రెస్టు తీసుకోమ్మా," అన్నారు మాస్టారు, మెత్తగానే.

ఒళ్లు మండిపోయింది. గుడ్‌ఫ్రైడే రోజు ఊరికే కూర్చుని ఇంకొకరు పాడుతుంటే వినాలా? అంట్లు తోముతూ ఏడ్చాను. ఏడుస్తూనే ఆ పాటలో ఒక్కో వరస కూనిరాగం తీశాను. అన్నదమ్ముల వరస ఎత్తుకున్నప్పుడు గొంతు ఎక్కడా జారలేదు. చివరి అర మెట్టు కూడా ఎక్కింది. ఏడుపు ఆగిపోయింది.

మా చర్చిలో ఎడమ పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు. మొగుడూ పెళ్లాలైనా పెళ్లిరోజు తప్ప కలిసి కూర్చోరు. మరుసటి ప్రాక్టీసుకు నేను నడవ దాటి నేరుగా వెళ్లి ఆ అన్నదమ్ముల మధ్య నిలబడ్డాను. వాళ్లు జంకి చెరో పక్కకు జరిగారు. ముందు బెంచీలోంచి మా అత్త లేచింది.

"ఏమ్మే, మొగోళ్ల పక్క నిలబడ్తావా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"బాగా పాడ్తాంది అనుకుంటారు అత్తా."

మాస్టారు ఏదో అనబోయారు. "ముందు పాడనీయండి, తిట్టేదుంటే తర్వాత తిట్టండి," అన్నాను. ఒంటరిగా టెనార్ వరసంతా పాడాను. ఆయన తిట్టలేదు. మళ్లీ మొదటినుంచి అందరినీ పాడమన్నారు, డి మైనర్‌లోనే.

గుడ్‌ఫ్రైడే మధ్యాహ్నం చర్చి కొలిమిలా ఉంది. తెల్లచీరల మధ్య నుంచి కాకుండా తెల్లచొక్కాల మధ్య నుంచి పాడడం నాకే వింతగా ఉంది. పాట మెల్లగా, ఆగకుండా నడిచింది. చివరికి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ అలవాటు ప్రకారం కింది మెట్టు మీదే ఉండబోయారు. నేను అర మెట్టు పైకెక్కి అక్కడే నిలబడ్డాను. ఒక్క క్షణం రెండు స్వరాలూ ఒరుసుకుని గరగరమంది. తర్వాత పెద్దవాడు నా స్వరం మీదికి వచ్చాడు, వాడి వెనక చిన్నవాడు. పాట మేజర్‌లోకి తిరిగింది. మాస్టారు ఎత్తిన చేయి దించడం మరిచిపోయారు. ఇన్నేళ్లూ పైగొంతుతో పాటల నెత్తిన నిలబడి పాడినా నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

బయట మజ్జిగ తాగుతూ అత్త నా పక్కకు వచ్చింది. "కడాకు ఏందో మనసు తేలికైనట్లుండాదే. ఆ గొంతు నీదేనా?"

"నాదే."

"అట్లయితే సరే గానీ, ఈస్టరుకన్నా మన పక్కకు రా."

ఈస్టరు తెల్లవారుజామున పాటకు ముందు మాస్టారు కుడి పక్కకు తిరిగారు. "టెనార్లు లేయండప్పా," అన్నారు. మేం ముగ్గురం లేచాం.