చింపని చీటీ

పన్నెండేళ్లకు పైగా ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఇందులోనూ కొంత పిరికితనం ఉంది. ఒప్పుకుంటాను.

నేను బడిపంతుల్ని. 2012 వానాకాలంలో, కామారెడ్డిలో తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చే పని నాకు అప్పగించారు. పిల్లలకు మానవ హక్కుల విలువలు ఎలా నేర్పాలన్నది విషయం. సమానత్వం, గౌరవం, భయం లేకుండా మాట్లాడే హక్కు. నాకు మాటకారితనం ఎక్కువ. బోర్డు ముందు నిలబడితే నన్ను నేనే నమ్మేవాణ్ని. చెప్పేవన్నీ శ్రీరంగనీతులు.

ఆ శిక్షణలో ఒక పద్ధతి ఉండేది. చివరి రోజు ప్రతి టీచరూ తన బడిలో పిల్లలకు జరుగుతున్న ఒక అన్యాయాన్ని, పేరూ ఊరూ లేకుండా, చీటీ మీద రాసి సుద్దముక్కల డబ్బాలో వేయాలి. నేను పైకి చదవాలి. అందరం మాట్లాడుకున్నాక అందరి ముందే చీటీలు చింపేయాలి. ఈ గదిలో మాట గడప దాటదని హామీ ఇచ్చింది నేనే.

ఎల్లారెడ్డి దగ్గరి ఒక బడి నుంచి ఇద్దరు వచ్చారు. సుజాత, కమల అనుకోండి, అసలు పేర్లు కావు. ఒకే బస్సులో వచ్చేవారు, ఒకే టిఫిన్ డబ్బాలో తినేవారు. ఒకరు లేచి మాట్లాడుతుంటే రెండోవారు పక్కన కూర్చుని తలూపేవారు.

సుజాతదని తర్వాత తెలిసిన చీటీలో ఇలా ఉంది: మా బడిలో మధ్యాహ్న భోజనానికి మాదిగ పిల్లల్ని చివర, నల్లా దగ్గర కూర్చోబెడతారు. గరిటె వాళ్ల పళ్లేనికి తగలకుండా పైనుంచి వేస్తారు. హెడ్మాస్టరుకు తెలుసు.

అంత నిజం ఆ రోజు ఇంకెవరూ రాయలేదు.

మిగతా చీటీలన్నీ కట్టగా పట్టుకుని చింపాను. అదొక్కటి జేబులో వేసుకున్నాను. ఎందుకు? రిపోర్టుకు జతచేస్తే నా శిక్షణ ఎంత బాగా జరిగిందో పైవాళ్లకు తెలుస్తుందని. అంతే. అప్పటికి నా మనసులో ద్రోహం లేదు, గొప్ప మాత్రమే ఉంది. గొప్ప నుంచి ద్రోహానికి ఎంత దూరం? నాకైతే మూడు రోజులు పట్టింది.

మూడో రోజు ఆ బడి హెడ్మాస్టరు వచ్చాడు. ఈ పనికి నా పేరు సూచించింది ఆయనే, మళ్లీ సూచించాల్సిందీ ఆయనే. తన బడి మీద ఎవరో రాశారని చూచాయగా విన్నాడు. ఎవరని అడిగాడు. తెలియదని అనొచ్చు. చింపేశానని అనొచ్చు. నేను రిపోర్టు ఫైలు తెరిచి ఆయన వైపు తిప్పాను. రోజూ హాజరు పుస్తకంలో చూసే చేతిరాత, పోల్చుకోవడానికి ఎంతసేపు? నేను పేరు చెప్పలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

నెల తిరక్కుండానే సుజాతను డిప్యుటేషన్ పేరుతో బిచ్కుంద వైపు పంపేశారు. ఎల్లారెడ్డి నుంచి బాన్సువాడ మీదుగా, పిట్లం దాటి పోవాలి. నల్లా దగ్గరి పిల్లలు అక్కడే ఉండిపోయారు.

దసరా సెలవులకు ముందు కామారెడ్డి బస్టాండులో ఆమె నన్ను చూసి తనే దగ్గరికి వచ్చింది. తెలిసిపోయిందనుకున్నాను.

"సార్, మీకొక్కలకే చెప్తున్న," అంది. "గా చీటీ ముచ్చట చెప్పింది కమలనే. నేను రాస్తుంటె పక్కన కూసున్నది అదొక్కతే. మీరైతే చింపిండ్రు, నా కండ్లతోటి చూసిన."

నేను బస్సులు వచ్చే వైపు చూశాను.

"పదకొండేండ్ల సోపతి సార్. దాని బిడ్డకు పేరు పెట్టింది నేనే. మొన్న ఇంటికొచ్చి, నేను చెప్పలేదని ఒట్టు పెట్టుకుంట ఏడ్సింది. తలుపు పెట్టుకున్న. ఇగ దాని మొకం చూడ."

అప్పుడు నేనన్న మాట ఇది.

"ఈ రోజులల్ల ఎవల్ని నమ్మెటట్టు లేదు మేడం."

ఆమె కళ్లు తుడుచుకుంది. బస్సు వస్తే ఎక్కి, కిటికీలోంచి నాకు దండం పెట్టింది.

ఫైలు తిప్పినందుకు భయమనో, ఆశ అనో సాకు దొరుకుతుంది. బస్టాండులో నన్నెవరు బెదిరించారు? నేను అక్కడ నిలబడి ఒక నిర్దోషిని నిందితురాలిని చేశాను, అదీ ఒక సామెతలాంటి మాటతో, పెద్దమనిషిలా తలూపుతూ. ఆ నిమిషంలో నాకు కలిగింది ఏమిటో తెలుసా? హాయి. నింద నా మీద పడలేదన్న హాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

మరుసటి ఏడు శిక్షణకు కమల ఒక్కతే వచ్చింది. చివరి బల్ల మీద కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడలేదు. చివరి రోజు చీటీ మడిచి డబ్బాలో వేసింది. విప్పితే ఖాళీ. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద? ఆమె మీదే! చూడండి నా బుద్ధి. దాన్ని మాత్రం అందరి ముందు శుభ్రంగా చింపాను.

2014 దాకా ఆ పాఠమే చెప్పాను. మంచి పేరే వచ్చింది. ఎన్నోసార్లు సుజాతకు ఫోన్ చేద్దామనుకున్నాను. ఆమె గొంతులో ఆ గౌరవం పోతుందేమోనని చేయలేదు. నాది కాని గౌరవాన్ని ఇన్నేళ్లు అనుభవించాను.

సుజాత టీచర్, పేరు మార్చినా ఇది మీ కంటబడితే గుర్తుపడతారు. మీ చీటీ చూపించింది నేను. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. ఈ ఒక్క వాక్యం రాశాక నాకు ఊపిరి కాస్త ఆడుతోంది. అది మీకెందుకూ పనికిరాదు. మీకు పనికొచ్చేది ఇంకొకటుంది. కమల ఎల్లారెడ్డిలోనే ఉంది. మీ గుమ్మంలో ఆమె పెట్టిన ఒట్టు నిజం.